గో-లైవ్ తర్వాత ఏం చూపించాలి? ఐటీ ప్రాజెక్టు గెలుపోటములను కొలిచే పద్ధతి

"ప్రాజెక్టు అయిపోయింది సార్, ఇప్పుడు సక్సెస్ అయిందని ఎలా చూపించాలి?" మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ప్రాజెక్టు లీడ్లుగా ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈ మధ్య తమ వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్న యజమానులు కూడా అడుగుతున్నారు. అందరినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: పని మొదలుపెట్టక ముందు పరిస్థితి ఎలా ఉండేదో అంకెల్లో రాసిపెట్టారా? ఎక్కువమంది దగ్గర ఆ కాగితం ఉండదు.

నా దగ్గరా ఒకప్పుడు లేదు. చాలా ఏళ్ల కిందట మా టీమ్ ఒక ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ చేసింది. గడువులోపే ఇచ్చాం, బడ్జెట్ దాటలేదు, కేకు కోశాం. మూడు నెలల తర్వాత వేరే పని మీద అక్కడికి వెళ్తే, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పగలంతా పాత రిజిస్టర్‌లోనే రాసుకుంటోంది. సాయంత్రం ఆరు దాటాక కూర్చుని అవన్నీ సిస్టమ్‌లో ఎక్కిస్తోంది. ఆమె ఇంటికి వెళ్లే టైమ్‌ను మేమే గంటన్నర వెనక్కి నెట్టాం. మా రిపోర్టులో మాత్రం అన్నీ గ్రీన్. ఆ రోజు నుంచి కొలవడం గురించి నా ఆలోచన మారింది.

లెక్కలు అర్థం కావడానికి ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకుని వెళ్తాను. కూకట్‌పల్లి, మియాపూర్, అమీర్‌పేట, మెహదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్‌లో శాఖలున్న డయాగ్నస్టిక్ సెంటర్ ఒకటి అనుకోండి. రిజిస్ట్రేషన్ నుంచి రోగి ఫోన్‌కి రిపోర్టు చేరేదాకా అంతా కొత్త సిస్టమ్‌లోకి మార్చాలి. బడ్జెట్ 60 లక్షలు, గడువు 10 నెలలు. సెంటరూ అంకెలూ ఊహించినవే, పద్ధతి మాత్రం రోజూ వాడేది.

1. ఎవరికి ఏది గెలుపో ముందు అడగండి

ఫారమ్ పంపి అడగొద్దు. ఉదయం ఏడింటికి ఏదో ఒక శాఖకి వెళ్లి నిలబడండి. పరగడుపున షుగర్ టెస్టుకి వచ్చినవాళ్లతో నిండిపోయే టైమ్ అది. అసలు నొప్పి ఎక్కడుందో అప్పుడే కనిపిస్తుంది.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా ఒకే ప్రశ్న అడగండి: "ఆరు నెలల తర్వాత ఏది మారితే ఈ డబ్బు దండగ కాలేదని మీరు ఒప్పుకుంటారు?"

జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. యజమాని ఖర్చు తగ్గాలంటారు. ల్యాబ్ టెక్నీషియన్ శాంపిల్ లేబుళ్లలో తప్పులు పోవాలంటాడు. రోగికి చెప్పిన టైమ్‌కి రిపోర్టు రావాలి. కౌంటర్ సిబ్బందికి మనసులో ఉన్న భయం వేరు: ఇది వస్తే మా ఉద్యోగం ఉంటుందా? ఈ తేడాలను కప్పిపుచ్చితే అవే చివర్లో గొడవలై బయటికొస్తాయి. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మూడు నాలుగు కొలతలకు ఒప్పించండి. పదిహేను పెట్టుకుంటే ఒక్కటీ ఎవరూ చూడరు.

2. 'ముందు' అంకెను పట్టుకోండి

ఈ మెట్టు దాటేస్తే మిగతావన్నీ వృథా. కోడ్ ఒక్క లైను రాయకముందే, వీలైతే కాంట్రాక్టు మీద సంతకాలకు ముందే చేయండి. గో-లైవ్ (కొత్త సిస్టమ్ నిజంగా వాడకంలోకి రావడం) తర్వాత 'ముందు ఎలా ఉండేది' అని గుర్తు చేసుకుంటూ రాసే అంకెకు విలువ లేదు. అప్పటికి ఎవరి జ్ఞాపకం వాళ్ల పక్షానే మాట్లాడుతుంది.

మన సెంటర్‌లో ఇలా:

- ఎదురుచూసే సమయం: టోకెన్ మీద ఉన్న టైమ్‌కీ, బిల్లు మీద ఉన్న టైమ్‌కీ తేడా. టోకెన్ లేని శాఖలో ఒకరు గడియారం పెట్టుకుని కనీసం 50 మందిని గమనించాలి.
- "రిపోర్టు వచ్చిందా?" అనే ఫోన్లు: ఫోన్ పక్కన ఒక కాగితం పెట్టి, వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీయమనండి. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.
- చెప్పిన టైమ్‌కి అందిన రిపోర్టులు: బిల్లు మీద రాసిచ్చిన గంటతో పోల్చి శాతం తీయండి.
- లేబుల్ తప్పులు: ల్యాబ్‌లో వెనక్కి పంపిన శాంపిల్స్ పుస్తకం నుంచి.

రెండు వారాలు కొలవండి. సోమవారం రద్దీ, ఆదివారం రద్దీ రెండూ అందులో పడాలి.

సగటు కంటే మధ్య విలువ చూడండి. పదిమందిలో తొమ్మిది మంది 2 నిమిషాల్లో అయిపోయి, ఒకరు 40 నిమిషాలు ఆగితే సగటు 5.8 నిమిషాలు వస్తుంది. ఆ 5.8 నిమిషాలు అక్కడ ఎవరికీ జరగలేదు. మధ్య విలువ 2. దాని పక్కనే 'నూటికి 95 మందికి ఎంతలోపు అయింది' అన్నది కూడా రాస్తే ఆ 40 నిమిషాల మనిషి కనబడకుండా పోడు.

ఇంకొకటి, హైదరాబాద్‌లో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. జూలై నుంచి అక్టోబర్ దాకా డెంగీ, వైరల్ జ్వరాలతో ల్యాబులు కిక్కిరిసిపోతాయి. సంక్రాంతికి సగం ఊరు సొంతూళ్లకు వెళ్లిపోతుంది. సెప్టెంబర్‌లో 'ముందు' కొలిచి, జనవరిలో 'తర్వాత' కొలిస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా అద్భుతంగానే కనిపిస్తుంది. అందుకే మొత్తం సంఖ్యలకు బదులు నూరు మంది రోగులకు ఎన్ని అని రాయండి. వీలైతే నిరుటి అదే నెలతో పోల్చండి.

మన సెంటర్‌లో వచ్చిన అంకెలు ఇవి అనుకుందాం: ఎదురుచూపు మధ్య విలువ 18 నిమిషాలు, నూరు మందికి 34 ఫోన్లు, చెప్పిన టైమ్‌కి 71 శాతం రిపోర్టులు, వెయ్యి శాంపిల్స్‌కి 6 లేబుల్ తప్పులు. తేదీ వేసి, కొలిచినవాళ్లతోనూ యజమానితోనూ సంతకం పెట్టించండి.

3. ఒకే పేజీలో ఒప్పందం రాయండి

ప్రతి కొలతకూ ఐదు విషయాలు రాయాలి: ఇప్పటి అంకె, లక్ష్యం, కనీసం ఇక్కడికి కూడా చేరకపోతే ఓటమి అనే గీత, కొలిచే మనిషి, కొలిచే తేదీ. ఎదురుచూపుకి ఇలా ఉంటుంది: ఇప్పుడు 18 నిమిషాలు, లక్ష్యం 8, గో-లైవ్ తర్వాత 90వ రోజుకి 12 దాటి ఉంటే ఓటమి, కొలిచేది ఆపరేషన్స్ మేనేజర్.

ఓటమి గీత రాయడానికి అందరూ జంకుతారు. 'ఇప్పుడే అపశకునం ఎందుకండీ' అన్న క్లయింటు కూడా నాకు తెలుసు. అయినా రాయించండి. ఆ గీత లేకపోతే 17 నిమిషాలకు తగ్గినా సక్సెస్ అనే అంటారు.

కొలిచే మనిషి సాఫ్ట్‌వేర్ చేసిన టీమ్‌లో ఉండకూడదు. పరీక్ష రాసినవాడి చేతికే పేపర్లు దిద్దడానికి ఇవ్వం కదా.

ప్రతి వేగం కొలతకూ ఒక కాపలా కొలత పెట్టండి. టికెట్లు (యూజర్లు నమోదు చేసిన ఫిర్యాదులు) ఎంత త్వరగా మూశారని మాత్రమే అడిగితే, సమస్య తీరకుండానే మూసేస్తారు. అందుకే 'మూసిన వారంలో మళ్లీ తెరిచినవి ఎన్ని' అనేది పక్కనే ఉండాలి. మన సెంటర్‌లో ఎదురుచూపు తగ్గడానికి కాపలా: కౌంటర్ సిబ్బంది డ్యూటీ అయ్యాక ఎంతసేపు ఉంటున్నారు. ఈ కొలత మా ఆసుపత్రి ప్రాజెక్టులో ఉండి ఉంటే, ఆ అమ్మాయి మూడు నెలలు అలా కూర్చోవాల్సి వచ్చేది కాదు.

చివరగా 'ఎప్పుడు ఆపుతాం' అన్నదీ రాయండి. ఉదాహరణకి: ఐదో నెల చివరికి కనీసం ఒక శాఖలో నిజమైన రోగికి ఒక్క రిపోర్టయినా వెళ్లకపోతే పని ఆపి, కొనసాగించాలో వద్దో తేలుస్తాం. డబ్బు కొంత ఖర్చయ్యాక 'ఇంత పెట్టాం కదా' అనే మాట అన్ని లెక్కలనూ తొక్కేస్తుంది. అందుకే ఖర్చు పెట్టకముందే రాయాలి.

4. పని నడుస్తుండగా: ఖర్చు, గడువు

'ఎంత ఖర్చయింది' అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఆ ఖర్చుకి ఎంత పని చేతికొచ్చిందో కలిపి చూడాలి. ఎర్న్‌డ్ వాల్యూ లెక్క దీనికే. ఎక్సెల్‌లో పది నిమిషాల పని.

ఐదో నెల చివర మన ప్రాజెక్టు:

- ఈ పాటికి అవ్వాల్సిన పని: 50 శాతం, అంటే 30 లక్షల విలువ
- నిజంగా అయిన పని: 40 శాతం, అంటే 24 లక్షల విలువ
- ఖర్చయింది: 33 లక్షలు

ఖర్చు సూచిక: 24ని 33తో భాగిస్తే 0.73. పెట్టిన ప్రతి రూపాయికీ 73 పైసల పనే వచ్చింది. ఇదే తీరున సాగితే మొత్తం ఖర్చు 60 లక్షల దగ్గర ఆగదు, 82.5 లక్షలవుతుంది.

గడువు సూచిక: 24ని 30తో భాగిస్తే 0.8. పది నెలల పని సుమారు పన్నెండున్నర నెలలు పడుతుంది. ఈ సూచికను ప్రాజెక్టు చివర్లో నమ్మొద్దు. ఎంత ఆలస్యమైనా పని మొత్తం పూర్తయ్యేసరికి లెక్క ప్రకారం అది 1కి వచ్చేస్తుంది. చివరి దశలో తేదీలనే చూడండి.

ఈ లెక్క అంతా 'నిజంగా అయిన పని' అన్న ఒక్క అంకె మీద నిలబడింది. అక్కడ అబద్ధం దూరితే అంతా అబద్ధమే. "తొంభై శాతం అయిపోయింది" అని వరుసగా నాలుగు వారాలు విన్నారా? అప్పుడు ఈ నియమం పెట్టండి: యూజర్ చూసి సరేనన్న పనికి నూరు, లేకపోతే సున్నా. మధ్యలో అంకె లేదు. పనులను వారం రోజుల్లోపు అయ్యే ముక్కలుగా విడగొడితే ఈ నియమం ఎవరికీ అన్యాయం చేయదు.

స్టేటస్ రిపోర్టులో రంగుల గురించి కూడా చెప్పాలి. కింద టీమ్‌కి రెడ్ అని తెలుసు, లీడ్ దాన్ని ఆంబర్ చేస్తాడు, మేనేజర్ దగ్గరికి వచ్చేసరికి గ్రీన్. పైకి పచ్చగా, కోస్తే ఎర్రగా ఉండే పుచ్చకాయ ఇది. రంగును మనిషి ఎంచుకోకూడదు, అంకె ఎంచుకోవాలి. నేను పెట్టుకునే గీతలు: ఏ సూచికైనా 0.95 లేదా ఆపైన ఉంటే గ్రీన్, 0.85 నుంచి 0.95 లోపు ఆంబర్, అంతకంటే తక్కువ రెడ్. మీ సంస్థకు తగ్గట్టు మార్చుకోండి, కానీ ప్రాజెక్టు మధ్యలో మాత్రం మార్చకండి. రెడ్ చూపించినవాళ్లను మీటింగ్‌లో అందరి ముందూ తిడితే, ఆ తర్వాత మీకు రెడ్ ఎప్పటికీ కనబడదు.

స్కోప్ (చేయాల్సిన పని పరిధి) మారితే? మార్పు కోరుతూ రాసే చేంజ్ రిక్వెస్ట్‌కి సంతకం పడ్డాకే లక్ష్యాన్ని కదపండి. పాత లక్ష్యాన్ని చెరపొద్దు, రెండూ పక్కపక్కన ఉంచండి.

5. నాణ్యత: నాలుగైదు కొలతలు చాలు

- ప్రొడక్షన్‌కి జారిన బగ్గులు (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లోకి వెళ్లిపోయిన తప్పులు): మొత్తం దొరికినవాటిలో యూజర్లకు దొరికినవి ఎన్ని శాతం.
- కొత్త వెర్షన్ ఎంత తరచుగా రిలీజ్ చేస్తున్నారు, కోడ్ రాశాక ప్రొడక్షన్‌కి వెళ్లడానికి ఎన్ని రోజులు.
- రిలీజుల్లో ఎన్ని శాతం దెబ్బతిని రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం) లేదా అర్జెంట్ ఫిక్స్ అవసరమైంది.
- దెబ్బతిన్నాక మళ్లీ నిలబడటానికి పట్టిన సమయం.

సిస్టమ్ ఎంతసేపు నడిచిందన్న అంకె దగ్గర జాగ్రత్త. 99.5 శాతం అంటే గొప్పగా వినిపిస్తుంది. 30 రోజుల నెలలో అది 3 గంటల 36 నిమిషాలు ఆగినట్టు. ఆ గంటలు అర్ధరాత్రి పోతే ఎవరికీ తెలియదు. రెండు సోమవారాలు ఉదయం ఏడు నుంచి ఎనిమిదీ ముప్పావు దాకా పోతే ఆరు శాఖల్లోనూ పరగడుపున వచ్చినవాళ్లు కళ్లు తిరిగి కూర్చుంటారు. కాబట్టి రద్దీ గంటలకు విడిగా లెక్క కట్టండి.

6. గో-లైవ్ తర్వాత: నిజంగా వాడుతున్నారా?

లాగిన్లు లెక్కపెట్టడం వాడకాన్ని కొలవడం కాదు. మా ఆసుపత్రిలో లాగిన్లు నూటికి నూరు శాతం ఉండేవి, అవన్నీ సాయంత్రం ఆరు తర్వాతివి. ఇలా చూడండి:

- ఎంట్రీ పడిన గంట చూడండి. రోగి వచ్చిన గంటకీ, ఎంట్రీ గంటకీ తేడా పెద్దదైతే ఎక్కడో రిజిస్టర్ నడుస్తోంది.
- శాఖకి వెళ్లి బల్ల మీద, సొరుగులో పాత పుస్తకం ఉందేమో చూడండి. ఉంటే తిట్టొద్దు. "ఇది ఎందుకు ఇంకా కావాల్సి వస్తోందమ్మా?" అని అడగండి. మీకు అవసరమైన బగ్ లిస్ట్ ఆ జవాబులోనే ఉంటుంది.
- పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవి ఎన్ని, ఏ స్క్రీన్ దగ్గర.
- సిస్టమ్ బయట వాట్సాప్‌లో పంపిన రిపోర్టులు ఎన్ని.

సిబ్బంది అభిప్రాయానికి ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే పది వాక్యాల ప్రశ్నాపత్రం ఉంది. ప్రతి వాక్యానికీ 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. బేసి సంఖ్య వాక్యాల మార్కులోంచి 1 తీసేయండి, సరి సంఖ్య వాక్యాలకు 5 లోంచి మార్కు తీసేయండి, అన్నీ కూడి 2.5తో గుణించండి. నూటికి ఎన్నో వస్తుంది. అది శాతం కాదని గుర్తుంచుకోండి. 68ని మామూలు స్థాయిగా లెక్కిస్తారు. వాక్యాలను తెలుగులో ఇవ్వండి. ఇంగ్లిష్‌లో ఇస్తే కౌంటర్‌లో ఉన్నవాళ్లు మొహమాటానికి అన్నింటికీ 4 వేసి ఇచ్చేస్తారు. పేరు రాయమని అడగొద్దు.

7. ప్రయోజనం: 30, 90, 180 రోజులు

మొదటి వారం అంకెలతో తీర్పు చెప్పకండి, మంచిదైనా చెడ్డదైనా. అమెరికా ప్రభుత్వ హెల్త్‌కేర్ డాట్ గవ్ సైట్ 2013 అక్టోబర్ 1న మొదలైంది. మొదటి రోజు బీమా నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే. నవంబర్ చివరికల్లా చాలావరకు సరిచేశారు, ఆ సైట్ ఇప్పటికీ నడుస్తోంది. మొదటి రోజు చూసినవాళ్లకు అది ఓటమే, అలా అనడం తప్పూ కాదు. కానీ ఆ ఒక్క రోజుతో కథ ముగియలేదు.

30వ రోజు: వాడకం మాత్రమే చూడండి. 90వ రోజు: రెండో మెట్టులో కొలిచినవన్నీ అదే మనుషులతో, అదే పద్ధతిలో మళ్లీ కొలవండి. 180వ రోజు: లాభం నిలిచిందా, నిర్వహణ ఖర్చు ఎంతవుతోంది అన్నది. ఈ మూడు తేదీలూ మొదటి రోజే అందరి క్యాలెండర్లలో వేయించండి. లేకపోతే టీమ్ ఇంకో ప్రాజెక్టుకి వెళ్లిపోతుంది, 180వ రోజు రాదు.

మార్పు సాఫ్ట్‌వేర్ వల్లే వచ్చిందని ఎలా తెలుస్తుంది? అన్ని శాఖల్లో ఒకేసారి మొదలుపెట్టకండి. కూకట్‌పల్లి, అమీర్‌పేటల్లో ముందు పెట్టి, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్‌లో రెండు నెలలు ఆగండి. ఆగిన శాఖల్లో కూడా ఎదురుచూపు అంతే తగ్గితే, ఘనత జ్వరాల సీజన్ అయిపోవడానిది.

మీసేవ లాంటి ప్రజాసేవల పని అయితే కొలత ఇంకా సూటిగా ఉంటుంది. ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారన్నది కాదు, ఒక సర్టిఫికెట్ కోసం మనిషి ఎన్నిసార్లు తిరిగాడన్నది అడగండి.

8. తీర్పు: ఏ రకం ఓటమి?

'ఫెయిల్' అన్న ఒక్క మాటతో ఎవరికీ దారి దొరకదు. మందు రోగాన్ని బట్టి మారుతుంది.

- ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది, కానీ బాగా వాడుతున్నారు, లాభం వచ్చింది: అంచనా వేసే పద్ధతిని సరిచేయండి. ప్రాజెక్టును వదలొద్దు.
- టైమ్‌కి వచ్చింది, ఎవరూ వాడటం లేదు: మొదటి మెట్టు సరిగా జరగలేదు. శిక్షణ పెంచే ముందు కౌంటర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి.
- వాడుతున్నారు, లాభం లేదు: పాత పద్ధతినే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పని జరిగే తీరే మార్చాలి.
- లాభం ఉంది, కానీ నడపడానికి అయ్యే ఖర్చు దాన్ని మింగేస్తోంది: డిజైన్ సమస్య. 180వ రోజు కొలతలోనే బయటపడుతుంది.
- మూడో మెట్టులో రాసిన గీత దగ్గర ఆపేశారు: దీన్ని ఓటముల పట్టీలో వేయకండి. మిగిలిన డబ్బు ఎంతో రాసి, మిగిల్చినవాళ్ల పేర్లు కూడా రాయండి.

9. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దే దారి

'ముందు' అంకె లేకుండానే ప్రాజెక్టు అయిపోయింది. ఇంకా మారని శాఖ ఉంటే వెంటనే అక్కడ కొలవండి. లేకపోతే పాత బిల్లుల మీది టైమ్, ఫోన్ కంపెనీ కాల్ లిస్ట్, పాత రిజిస్టర్లు వెతకండి. అవీ లేకపోతే ఇవాళ్టి అంకెను మొదటి అంకెగా పెట్టుకోండి, ఇప్పటిదాకా వచ్చిన లాభం గురించి ఏమీ చెప్పకండి.

కొలతను ఇంక్రిమెంట్‌కి ముడిపెట్టారు. తెల్లారేసరికి అంకెలు అందంగా మారతాయి, పని మారదు. ముడి విప్పేయండి.

డ్యాష్‌బోర్డు మీద నలభై గ్రాఫులున్నాయి. ఒక్కో గ్రాఫుకీ ఒక ప్రశ్న వేయండి: ఈ గీత కిందికి జారితే రేపు మనం ఏం మారుస్తాం? జవాబు లేనిదాన్ని తీసేయండి.

వెండర్ ఇచ్చిన అంకెనే రిపోర్టులో పెట్టారు. నెలకోసారి ఇరవై ఎంట్రీలు మీరే చేత్తో సరిచూడండి. ఇది అనుమానించడం కాదు, లెక్క చూసుకోవడం.

10. సమీక్ష మీటింగ్‌కి వెళ్లేముందు

- ఒప్పందం పేజీ ప్రింటు, పాత సంతకాలతో
- 'ముందు', 'తర్వాత' అంకెలు ఒకే పట్టికలో, కొలిచిన తేదీలతో
- కాపలా కొలతల ఫలితం, బాగాలేకపోయినా సరే
- మధ్యలో మారిన స్కోప్, దానికి ఎవరు ఒప్పుకున్నారు
- రోజూ వాడే సిబ్బందిలో కనీసం ఇద్దరికి ఆహ్వానం

ఆ ఇద్దరూ మాట్లాడటం మొదట్లోనే ఉండాలి. యజమాని, మేనేజర్ మాట్లాడేశాక "బాగానే ఉంది సార్" తప్ప ఇంకో మాట వాళ్ల నోటి నుంచి రాదు. వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకుని, పట్టికలో ఏ అంకెకి అది సరిపోవడం లేదో అక్కడే గుర్తు పెట్టండి. 180వ రోజు కొలత ఆ గుర్తుల దగ్గర నుంచే మొదలుపెట్టండి.